అవతల ఎవరూ లేనప్పుడు

హైదరాబాద్
ఆదివారం పొద్దున

వదినా,

నీకు పెట్టిన మెసేజీకి నాలుగు రోజులుగా ఒక్క టిక్కే ఉంది. రెండోది పడలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. మీ తమ్ముడికి చేస్తే, "అక్క ఫోను నీళ్ల తొట్లో పడిపోయిందండీ, కొత్తది కొనే ఉద్దేశం కూడా ఉన్నట్టు లేదు" అన్నాడు. నీ సంగతి తెలుసు కాబట్టి నవ్వుకుని, పిల్లదాని లాంగ్ నోట్‌బుక్‌లోంచి నాలుగు కాగితాలు చింపాను. అక్షరాలు వంకర్లు పోతున్నాయి, సర్దుకో. కలం పట్టి ఇంత రాసి ఎన్నేళ్లయిందో.

పోయిన సంక్రాంతికి మీ కడియపులంక వచ్చినప్పుడు ఒక మాటన్నావు. గులాబీ అంట్లు సంచుల్లో పెడుతూ, తలైనా ఎత్తకుండా, "ఇంకా ఆ సాకెట్లు తెరవడం, మూయడమేనా వదినా? ఇన్నేళ్ల తర్వాత కూడా అందులో పరీక్షించడానికి ఏం మిగులుతుంది?" అని. అప్పుడు జవాబు తోచక మీ అమ్మగారు పెట్టిన జున్ను తింటూ కూర్చున్నాను. పోయిన నెల ఆఫీసులో ఒకటి జరిగింది. అదయ్యాక నీకు చెప్పాల్సింది చాలా ఉందనిపించింది.

మా టీంలోకి వరంగల్ కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు. బుద్ధిమంతుడు, కొంచెం భయస్తుడు. వాడికి ఇచ్చిన పరీక్ష చాలా చిన్నది. సర్వర్‌ని లేపాలి. అది లేచేదాకా క్లయింట్ పది మిల్లీసెకన్లకోసారి కనెక్ట్ కొడుతూ ఉండాలి. కనెక్ట్ అవగానే నాలుగు మాటలు పంపాలి, సర్వర్ అవే మాటలు తిరిగి అప్పజెప్పాలి. అంతే. పగలు ఎన్నిసార్లు నడిపినా పాస్. రాత్రి వేల సార్లు వరసగా తిప్పితే మాత్రం ఏదో ఒక తెల్లవారుజామున ఫెయిల్. లాగ్ చూస్తే చిత్రంగా ఉంది. క్లయింట్ కనెక్ట్ అయింది. పంపిన నాలుగు మాటలూ పొల్లుపోకుండా వెనక్కొచ్చాయి. సర్వర్ మాత్రం "ఈ అడ్రసు ఇప్పటికే వాడుకలో ఉంది" అని చెప్పి అసలు లేవనే లేదు! లేవని సర్వర్ జవాబిచ్చిందన్నమాట. మూడు రోజులు తల పట్టుకుని, నా దగ్గరికొచ్చి మెల్లగా, "మేడమ్, దయ్యమే ఉన్నట్టున్నది ఇండ్ల" అన్నాడు.

ఫెయిలైన చోటే ఆగి ఉండేలా పరీక్షను మార్చి, మర్నాడు పొద్దున్నే ఎస్‌ఎస్ కమాండ్ కొట్టాం. ఒకే ఒక్క లైను. ఇటు చివర 127.0.0.1, పోర్టు 45000. అటు చివర కూడా 127.0.0.1, పోర్టు 45000.

నీకు ఈపాటికి వెలిగే ఉంటుంది. కనెక్ట్ చేసే ప్రతి సాకెట్‌కీ ఇటువైపు వాడుకోడానికి కెర్నల్ ఒక తాత్కాలిక పోర్టు ఇస్తుంది కదా. లినక్స్‌లో మామూలుగా ఆ చీటీల డబ్బాలో 32768 నుంచి 60999 దాకా ఉంటాయి, మొత్తం 28,232. మావాడు సర్వర్ కోసం ఎంచుకున్న 45000 ఆ డబ్బాలోదే. లక్షల సార్లు చీటీ తీస్తే ఒకసారైనా 45000 రాక మానదు. వచ్చినప్పుడు 45000 నుంచి 45000కే సిన్ ప్యాకెట్ బయల్దేరి చుట్టూ తిరిగి సొంతింటికే వస్తుంది. వినేవాడు లేకపోతే రీసెట్ రావాలి. కానీ ఆ పోర్టులో ఇప్పుడొక సాకెట్ ఉంది, అదీ ఎవరికోసమో సిన్ పంపి ఎదురుచూస్తోంది. ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు పిలిస్తే ఆ పిలుపులు రెండూ చెల్లుతాయని 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793లోనే రాసి పెట్టారు. పిలిచిందీ పలికిందీ ఒకరే అయితే చెల్లదని ఎక్కడా రాయలేదు. కెర్నల్ నియమం తూచా తప్పకుండా పాటించింది. సాకెట్ తన చెయ్యి తనే పట్టుకుని ఊపి, పరిచయమైందనుకుంది. నాలుగు మాటలు పంపింది, ఆ నాలుగూ తనే విన్నది. అప్పజెప్పే పరీక్ష కదా, పాస్! పోర్టు మీద అది కూర్చుని ఉంటే అసలు సర్వర్‌కి చోటెక్కడిది?

సర్వర్‌కి 32768 కంటే కింద పోర్టు ఇచ్చేసరికి దయ్యం వదిలింది. రెండు నిమిషాల పని. కానీ కుర్రాడిని అక్కడితో వదల్లేదు. కావాలనే తనతో తను కలిసే సాకెట్‌కి ఒక పరీక్ష రాయమన్నాను. దానికి లక్షసార్లు తిప్పక్కర్లేదు. ముందు 45000కి బైండ్ చేసి, తర్వాత 45000కే కనెక్ట్ కొడితే మొదటిసారే పలుకుతుంది. ఇప్పుడది మా సూట్‌లో రోజూ నడుస్తోంది. వాడు దానికి దయ్యం అనే పేరు పెట్టాడు, నేనూ మార్చమనలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే ఒకటి తట్టింది వదినా. మనం ఇన్నేళ్లూ రాసిన పరీక్షల్లో ముప్పాతిక వంతు, అవతల ఒకరున్నారు, వింటున్నారు, జవాబిస్తారు అనుకుని రాసినవే. పంపాను, వచ్చింది, సరిపోయింది. ఆ భాగం కెర్నల్‌లో ఎప్పుడో అరిగిపోయిన దారి. 1983లో 4.2బీఎస్‌డీతో బర్కిలీ వాళ్లు సాకెట్లు వదిలినప్పటి నుంచి ప్రపంచమంతా రోజూ దానిమీదే నడుస్తోంది, అక్కడ మన పరీక్షకి చిక్కేది తక్కువ. అవతలివాడు లేనప్పుడు, ఉన్నా పలకనప్పుడు, మాట మధ్యలో లేచిపోయినప్పుడు కెర్నల్ ఏం చేస్తుందన్నదే అసలు పని. నీ ప్రశ్నకి నా జవాబు అదే.

లేకపోవడంలోనూ రకాలున్నాయి కదా. వెళ్లొస్తానని ఫిన్ పంపి వెళ్లేది ఒకటి. ఇక్కడెవరూ లేరు పొమ్మని రీసెట్ కొట్టేది ఇంకొకటి. ఈ రెండూ మర్యాదే, రెండోది కాస్త కటువు. మూడోదే ప్రాణం తీస్తుంది. వైరు తెగింది, కరెంటు పోయింది, మధ్యలో ఎవరో ఫైర్‌వాల్ పెట్టి ప్యాకెట్లు మింగేస్తున్నారు. ఏ కబురూ రాదు. అప్పుడు కెర్నల్ చేతిలో ఉండేది ఒక్కటే, గడియారం. ఎంతసేపు ఆగాక అవతల ఎవరూ లేరని ఒప్పుకోవాలి? కనెక్ట్ కొడితే జవాబు రాకపోతే, సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపు చేసుకుంటూ ఆరుసార్లు మళ్లీ పిలిచి, 127 సెకన్ల దగ్గర చేతులెత్తేసేది. కనెక్షన్ కుదిరాక మధ్యలో నిశ్శబ్దమైతే 15 సార్లు మళ్లీ పంపి, 924.6 సెకన్ల చుట్టుపక్కల, అంటే పావుగంటకి, ఆశ వదులుకుంటుంది. పంపడానికి ఏమీ లేక ఊరికే తెరిచి ఉన్న కనెక్షనైతే ఇంకా ఘోరం. కీపలైవ్ పెట్టకపోతే ఎన్నాళ్లయినా అలాగే ఉంటుంది. పెట్టినా మొదటి పలకరింపు రెండు గంటల తర్వాత, ఆపైన 75 సెకన్లకోసారి, మొత్తం తొమ్మిది పలకరింపులు.

127 అన్నాను చూడు, దానికో కథ ఉంది. మా దగ్గర ఒక పాత పరీక్ష కనెక్ట్ సరిగ్గా 127 సెకన్లకి విఫలం కావాలని పట్టుబట్టేది. కొత్త కెర్నల్ మీద అది 131 దగ్గర తేలింది. అందరూ మళ్లీ మనల్నే అన్నారు, పరీక్షలు పనికిరావని. తవ్వితే తేలిందేమిటంటే, 2023లో వచ్చిన 6.5 నుంచి లినక్స్ మొదటి నాలుగు పిలుపుల మధ్య ఎడం రెట్టింపు చేయడం మానేసి సెకనుకోసారే పిలుస్తోంది, ఆ తర్వాతే పాత లెక్క మొదలు. ఒక్క సిన్ దారిలో పోయినంత మాత్రాన మనిషి ఎక్కువసేపు కూర్చోకూడదని. మంచి మార్పే. మన పరీక్ష మాత్రం ఒక అంకెను వేదవాక్కులా పట్టుకుంది. కెర్నల్ మాటిచ్చిన దాన్నే పరీక్షించాలి, అలవాటుగా చేస్తున్న దాన్ని కాదు. ఈ రెంటినీ విడదీయడానికి నాకు ఇప్పటికీ సగం రోజు పడుతుంది.

ఈ గడియారాలన్నిటినీ పరీక్షించాలంటే రెండు గంటలు ఎవరు కూర్చుంటారు? కీపలైవ్ మొదటి ఎడాన్ని సాకెట్‌కి విడిగా తగ్గించొచ్చు, యూజర్ టైమౌట్ పెట్టొచ్చు, అది నీకూ తెలుసు. నువ్వు ఆఫీసు వదిలి వెళ్లిపోయాక నేను బాగా మరిగింది ప్యాకెట్‌డ్రిల్. 2013లో గూగుల్‌లో నీల్ కార్డ్‌వెల్ బృందం యూజ్‌నిక్స్ సభలో దాని గురించి పత్రం చదివారు. నువ్వు ఉన్నప్పుడు ఒకసారి తెరిచి, "ఇదేదో నాటకం స్క్రిప్టులా ఉందే" అని మూసేశావు. నిజంగా నాటకమే. కెర్నల్ ఒక్కటే అసలు నటుడు. పైన ప్రోగ్రాం చెప్పే మాటలూ స్క్రిప్టే చెబుతుంది, వైరుకి అవతలున్న దూరపు మెషీన్ వేషమూ స్క్రిప్టే కడుతుంది. సున్నా దగ్గర సాకెట్ తెరువు, విను. పదోవంతు సెకను దగ్గర బయటినుంచి సిన్ వచ్చినట్టు చూపించు. కెర్నల్ వెంటనే సిన్-ఏక్ పంపాలి. ఏక్ వచ్చింది. ఇప్పుడు వెయ్యి బైట్లు రాయి. అవి బయటికి రావాలి. ఇక నేను పలకను. ఎప్పుడు మళ్లీ పంపుతావో చూస్తాను. అంతే, లోపలికి పోయే ప్యాకెట్‌కి ఒక బాణం, బయటికి రావాల్సినదానికి ఎదురు బాణం, పక్కన సమయం. చెప్పిన సమయానికి చెప్పిన ప్యాకెట్ రాకపోతే ఫెయిల్. రెండు మెషీన్లక్కర్లేదు, వైరక్కర్లేదు. ఒక టన్ డివైస్ పెట్టి కెర్నల్‌ని నమ్మిస్తుంది. 2024లో 6.12తో ఈ స్క్రిప్టుల్లో కొన్ని కెర్నల్ సోర్సులోనే సెల్ఫ్‌టెస్టుల కింద చేరాయి. చూసినప్పుడు నీకు ఫోన్ చేద్దామనుకుని మర్చిపోయాను.

ఆ 127.0.0.1 ఉండే లూప్‌బ్యాక్ మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడు అసలే లేదు. దాని ఎంటీయూ 65536. ఇరవై వేల బైట్లు పంపితే అవతల ఒక్క రిసీవ్‌లోనే ముద్దగా వచ్చేస్తాయి. అది చూసి, ఒక సెండ్ అంటే ఒక రిసీవ్ అని నమ్మేవాళ్లు ఇంకా పుడుతూనే ఉన్నారు. అదే కోడ్ 1500 ఎంటీయూ ఉన్న నిజం దారిలో పెడితే సగం మాట ఒకసారి, మిగతాది ఇంకోసారి. టీసీపీది పంపు నీళ్ల ధార. ఎన్ని చెంబులు పోశామన్నది అవతలికి తెలీదు. అందుకే మా వాళ్లందరికీ ఒక నియమం పెట్టాను. ఒకే మెషీన్‌లో రెండు నేమ్‌స్పేసులు కట్టుకో, మధ్యలో వీత్ వైరు లాగు, దానిమీద నెటెమ్‌తో 100 మిల్లీసెకన్ల ఆలస్యం, వందకి ఐదు ప్యాకెట్ల నష్టం పెట్టు. ఆ తర్వాత కూడా పాస్ అయితే నా దగ్గరికి రా. మొదటివారం అందరూ తిట్టుకున్నారు. నేగిల్‌కీ ఆలస్యపు ఏక్‌కీ మధ్య 40 మిల్లీసెకన్ల తగువు మళ్లీ బయటపడింది. ఆ పురాణం మొదలెడితే కాగితాలు చాలవు, వదిలేస్తున్నా.

ఇంకొకటి చెప్పాలి, నీకు నచ్చుతుంది. వచ్చినదాన్ని పూర్తిగా చదవకుండా సాకెట్ మూసేస్తే ఏమవుతుంది? కుర్రాణ్ని అడిగాను. ఫిన్ వెళ్తుంది మేడమ్ అన్నాడు. పోదు. లోపలి బఫర్‌లో చదవని బైటు ఒక్కటి మిగిలినా లినక్స్ ఫిన్ బదులు రీసెట్ పంపుతుంది. నువ్వు పంపింది నేను వినకుండానే పోతున్నాను సుమా అని నిజం చెప్పేస్తుంది. న్యాయమే కదా? కానీ దీనివల్ల ఒక సర్వర్‌లో మాకు వారం పోయింది. ఎవరో పెద్ద ఫైలు ఎక్కిస్తుంటారు. సర్వర్, ఇంత పెద్దది కుదరదని జవాబు రాసి, మిగతా ఫైలు చదవకుండా సాకెట్ మూసేస్తుంది. జవాబు ముందే వెళ్లింది, వెనకాలే రీసెట్ వెళ్లింది. రీసెట్ అందగానే అటువైపు కెర్నల్ అంతకుముందు వచ్చి చదవకుండా ఉన్న జవాబును కూడా పారేయొచ్చు. వాడుకరికి కనబడేది కనెక్షన్ తెగిందన్న మాట ఒక్కటే, ఎందుకో తెలీదు. ఎంజిన్‌ఎక్స్‌లో లింగరింగ్ క్లోజ్ అని ఒక ఏర్పాటు ఉంది చూశావా, అది దీనికే. జవాబు చెప్పాక కాసేపు నిలబడి, అవతలివాడు చెప్పేది వింటున్నట్టు నటించి పారబోసి, అప్పుడు తలుపెయ్యడం. మీ అత్తగారి దగ్గర నువ్వు చేసేది అదేగా!

లూప్‌బ్యాక్‌లో ఇది ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. ఎవరు ముందు చదివారన్న పందెం అది. ప్యాకెట్‌డ్రిల్‌లో ఏడు లైన్లు, ప్రతిసారీ దొరుకుతుంది.

2019 జూన్ 17 గుర్తుందా? సాక్ పానిక్ బయటపడిన రోజు. నెట్‌ఫ్లిక్స్‌లో జొనాథన్ లూనీ పట్టుకున్నది. ఆ రాత్రి మనం ఆఫీసులో కాఫీ మెషీన్ పక్కన వైట్‌బోర్డు మీద లెక్క వేశాం. నేను ఇప్పుడు కుర్రాడికి అదే లెక్క అదే వరసలో వేసి చూపించాను. కెర్నల్ ఒక బఫర్‌లో 17 ముక్కలు పెట్టగలదు. ఒక్కోటి 32 కిలోబైట్లు. అవతలివాడు నా ఎంఎస్ఎస్ 48 అంటాడు, అంతకంటే తక్కువ కుదరదు. అందులో 40 ఆప్షన్లకే పోతే ఒక్కో సెగ్మెంట్‌లో అసలు సరుకు 8 బైట్లు. 17 సార్లు 32,768 ని 8తో భాగిస్తే 69,632. ఆ సంఖ్యను దాచుకునే గది 16 బిట్లది, 65,535 దాటి పట్టదు. సాక్‌లతో ముక్కలు అతికించి అతికించి ఆ గది పొంగిపోయేలా చేస్తే కెర్నల్ తన లెక్క తప్పిందని గ్రహించి కుప్పకూలుతుంది. దూరాన ఎక్కడో కూర్చుని, లాగిన్ కూడా లేకుండా. 2009 నాటి 2.6.29 నుంచీ ఉందది. పదేళ్లు!

అన్ని కంపెనీలు, అన్ని పరీక్షలు, ఎవరికీ ఎందుకు తగల్లేదు అని నువ్వు అప్పుడు బోర్డు ముందు నిలబడి అడిగావు. ఎంఎస్ఎస్ 48 చెప్పే పెద్దమనిషి నిజ జీవితంలో ఉండడు, అందుకని. మన పరీక్షల్లో అవతలివాడు ఎప్పుడూ మర్యాదస్తుడే, ఎందుకంటే వాడూ మన కెర్నలే. డీసీసీపీ సంగతీ అంతే. 2005లో ఆ ప్రొటోకాల్ లినక్స్‌లో చేరినప్పటి నుంచి ఉన్న రెండుసార్లు ఫ్రీ అయ్యే తప్పును 2017లో ఆండ్రే కొనొవాలోవ్, కెర్నల్ మీద అడ్డదిడ్డంగా కాల్స్ కొట్టి చూసే సిజ్‌కాలర్‌తో బయటపెట్టాడు. సిజ్‌కాలర్‌కి మర్యాద తెలీదు. సాకెట్ పూర్తిగా తెరుచుకోకముందే మూస్తుంది, మూసినదానికి రాస్తుంది, వింటున్నదాన్ని కనెక్ట్ చెయ్యమంటుంది. నేను మొదట్లో దాన్ని చిన్నచూపు చూశాను, అర్థం లేకుండా కొడుతుందని. ఇప్పుడు మాత్రం రాత్రంతా దాన్నే వదులుతున్నాను. కానీ అది కనిపెట్టలేనిదీ ఉంది. కూలిపోకుండా తప్పు చేస్తే దానికి తెలీదు. 127 బదులు 131 అయితే దానికేం పట్టింది? అది మనమే రాసుకోవాలి.

కుర్రాడు నిన్న అడిగాడు, సెండ్ విజయవంతమైతే అవతలికి చేరినట్టేనా అని. మనం సెకండియర్‌లో అడిగిన ప్రశ్నే. నీ ఫోను సంగతి చెప్పాను. నేను పంపాను అనిపించుకున్నది మొదటి టిక్కు. సెండ్ అంతకంటే తక్కువ, మన కెర్నల్ బఫర్‌లోకి కాపీ అయిందని మాత్రమే. అవతలి నుంచి ఏక్ వచ్చినా అక్కడి కెర్నల్ తీసుకుందనే, ప్రోగ్రాం చదివిందని కాదు. "మరి చదివినట్టు ఎట్ల తెలుస్తది మేడమ్?" అన్నాడు. అవతలివాడే నోరు తెరిచి చెప్పాలి, టీసీపీ చెప్పదు అన్నాను.

మన ల్యాబ్ కూడా గుర్తొచ్చింది. సర్వర్ ఆపి మళ్లీ లేపితే ఆ అడ్రసు వాడుకలో ఉందనేది, మెషీన్ పాతబడిందని మనం ల్యాబ్ అసిస్టెంట్‌ని తిట్టుకుని క్యాంటీన్‌కి పోయేవాళ్లం. మిరపకాయ బజ్జీ తిని వస్తే పనిచేసేది. అరవై సెకన్ల టైమ్‌వెయిట్‌ని ఒక సెమిస్టరంతా బజ్జీలతో గడిపాం. రీయూజ్ అడ్రస్ అని ఒక ఆప్షన్ ఉందని నువ్వే స్టీవెన్స్ పుస్తకంలో చూసి, పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పావు. ఆయన అప్పటికే పోయారని, 1999 సెప్టెంబరులో, 48 ఏళ్లకే, మనకి చాలా రోజులకి గానీ తెలీలేదు.

ఆ పుస్తకం రెండో ఎడిషన్ ఇంకా నీ దగ్గరే ఉందిగా? 5వ అధ్యాయంలో సర్వర్ ప్రాసెస్ చస్తే ఏమవుతుంది, మెషీన్ చస్తే ఏమవుతుంది, చచ్చి మళ్లీ లేస్తే ఏమవుతుంది అని ఆయన ఒక్కోటీ విడివిడిగా చేసి చూపిస్తారు. పక్కన మార్జిన్‌లో నీ పెన్సిలు రాతలుంటాయి. వాటిల్లో సగం నాకు ఇప్పుడు గుర్తు రావట్లేదు, కుర్రాడికి అవి కావాలి. ఆ అధ్యాయం వరకు జిరాక్స్ తీయించు. మీ నర్సరీ లారీ వారానికోసారి ఇటు వస్తుందన్నావు కదా, డ్రైవర్‌కిచ్చి పంపు, నేను వెళ్లి తెచ్చుకుంటాను. మొక్కలకి నీళ్లు పట్టేస్తారేమో, ప్లాస్టిక్ కవర్లో చుట్టమని చెప్పు. పోయినసారి పంపిన నందివర్ధనం మొగ్గ తొడిగింది.

నీ
వదిన